జీఎఫ్ఏపీ: ఆస్ట్రోసైట్ల ఆనవాలు

మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే ఆస్ట్రోసైట్ కణాలను గుర్తుపట్టడానికి పరిశోధకులు యాభై ఏళ్లకు పైగా నమ్ముకున్న ప్రొటీన్ ఒకటుంది. పూర్తి పేరు గ్లియల్ ఫిబ్రిలరీ యాసిడిక్ ప్రొటీన్. ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో పొడి అక్షరాలతో జీఎఫ్ఏపీ అంటారు. మెదడు కణితి ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టుకున్న పెథాలజిస్టుకు ఇది కావాలి. తలకు దెబ్బ తగిలి వచ్చిన మనిషికి సీటీ స్కాన్ తీయించాలా వద్దా అని ఆలోచించే ఎమర్జెన్సీ డాక్టరుకూ కావాలి. ఆల్జీమర్స్ జబ్బును లక్షణాలు కనిపించకముందే పసిగట్టాలని చూస్తున్నవారికీ కావాలి. ఇన్ని చోట్ల దీనికి పని ఉండటానికి కారణం ఉంది. ఆస్ట్రోసైట్ ఎక్కడుందో చెప్పడం కన్నా, ఆ కణం ఎప్పుడు ఇబ్బందిలో పడిందో చెప్పడంలోనే జీఎఫ్ఏపీ ఎక్కువ నమ్మదగినది.

అది మొదట దొరికింది కూడా జబ్బుపడిన మెదడులోనే. 1960ల చివర్లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో వెటరన్స్ ఆసుపత్రిలో లారెన్స్ ఎంగ్ మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో చనిపోయినవారి మెదడు కణజాలాన్ని పరిశీలిస్తున్నాడు. ఈ జబ్బులో నాడీతంతువుల మీది మయలిన్ పొర ఊడిపోయి అక్కడక్కడ మచ్చలు కడతాయి. మచ్చ పాతబడేకొద్దీ మయలిన్ పూర్తిగా మాయమై, పీచుగా మారిన ఆస్ట్రోసైట్లు దట్టంగా అల్లుకుంటాయి. మామూలు మెదడులో వందలాది ప్రొటీన్ల మధ్య ఎవరి కంటా పడని ప్రొటీన్ ఈ గట్టిపడిన మచ్చల్లో సమృద్ధిగా బయటపడింది. 1971లో ఎంగ్, వాండర్‌హేఘెన్, బిన్యామీ, గెర్‌స్టల్ కలిసి ‘బ్రెయిన్ రీసెర్చ్’ పత్రికలో దాని వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది అమికో బిన్యామీ, ఎంగ్, వారి సహచరులు యాంటీబాడీకి మెరిసే రంగు జోడించి, ఆ ప్రొటీన్ ఆస్ట్రోసైట్లలో ఉంటుందని కంటికి చూపించారు. అప్పటినుంచి అది ఆ కణానికి గుర్తుగా స్థిరపడింది.

అంతకు ముందు ఆస్ట్రోసైట్‌ను చూడాలంటే లోహపు రంగులే దిక్కు. నాడీకణాల మధ్య ఖాళీని నింపి వాటిని కలిపి ఉంచే పదార్థం ఒకటుందని 1850లలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఊహించి, దానికి న్యూరోగ్లియా అని పేరు పెట్టాడు. కమిల్లో గోల్జీ వెండి లవణాలతో, రామోన్ ఇ కహాల్ 1913లో బంగారు, పాదరస లవణాలతో రంగు వేసి ఈ కణాల ఆకారాన్ని వెలికితీశారు. ఈ రంగులు ఒకసారి పట్టేవి, ఒకసారి పట్టేవి కావు. అంతా చేతి నేర్పు మీదే ఆధారపడేది. యాంటీబాడీ పద్ధతి వచ్చాక ఏ ల్యాబులోనైనా, ఎవరు చేసినా దాదాపు ఒకే ఫలితం రావడం మొదలైంది. న్యూరోసైన్స్‌లో గ్లియల్ కణాల అధ్యయనం ఊపందుకోవడానికి ఈ మార్పు ఎంతగానో తోడ్పడింది.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, దాదాపు 8,500 కోట్ల ఇతర కణాలు ఉన్నాయని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2009లో లెక్కగట్టారు. గ్లియల్ కణాలు న్యూరాన్లకు పది రెట్లుంటాయన్న పాత మాట దాంతో చెల్లకుండా పోయింది. గ్లియల్ కణాల్లో మయలిన్ చుట్టే ఒలిగోడెండ్రోసైట్లు, రోగనిరోధక పని చూసే మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు ముఖ్యమైనవి. న్యూరాన్లు సంకేతం పంపాక మిగిలిపోయిన గ్లుటమేట్‌ను ఆస్ట్రోసైట్లే పీల్చేస్తాయి. పెరిగిన పొటాషియాన్ని సర్దుతాయి. రక్తనాళాలను తమ పాదాలతో చుట్టి పట్టుకుని, రక్తం నుంచి మెదడులోకి ఏది వెళ్లాలో నియంత్రించే అడ్డుగోడకు అండగా నిలుస్తాయి. మనిషి ఆస్ట్రోసైట్ చిట్టెలుక ఆస్ట్రోసైట్ కన్నా వ్యాసంలో సుమారు 2.6 రెట్లు పెద్దదని, దానికి జీఎఫ్ఏపీ ఉన్న ప్రధాన శాఖలు పది రెట్లు ఎక్కువని 2009లో అమెరికాలోని రోచెస్టర్ పరిశోధకులు చూపారు.

ప్రతి కణానికీ లోపల ఒక అస్థిపంజరం ఉంటుంది. అందులో ఇంటర్మీడియట్ ఫిలమెంట్లు అనే దారాలు ఒక భాగం. వీటి మందం సుమారు 10 నానోమీటర్లు. చర్మంలోని కెరటిన్, కండరాల్లోని డెస్మిన్, న్యూరాన్లలోని న్యూరోఫిలమెంట్ ఈ కుటుంబానివే. జీఎఫ్ఏపీ ఈ కుటుంబంలో మూడో తరగతికి చెందింది. డెస్మిన్, విమెంటిన్, పెరిఫెరిన్ దాని దగ్గరి బంధువులు. మనిషిలో దీని జన్యువు 17వ క్రోమోజోము మీద ఉంది. ప్రధాన రూపమైన ఆల్ఫాలో 432 అమైనో ఆమ్లాలు, సుమారు 50 కిలోడాల్టన్ల బరువు ఉంటాయి. రెండు అణువులు పెనవేసుకుని జంట అవుతాయి, జంటలు కలిసి పొడవాటి దారం అవుతాయి. ఒకే జన్యువు నుంచి డెల్టా, కప్పా వంటి వేరే రూపాలూ వస్తాయి. వాటి పాళ్లు మారితే దారాల అల్లిక తీరు కూడా మారుతుంది.

గుర్తుగా దీనికున్న లోపాన్ని ఇక్కడే చెప్పుకోవాలి. జీఎఫ్ఏపీకి రంగు వేస్తే కనిపించే నక్షత్రాకారం ఆస్ట్రోసైట్ పూర్తి రూపం కాదు. ఈ దారాలు లావుపాటి శాఖల్లోనే ఉంటాయి. వాటి నుంచి చీలి సినాప్సులను చుట్టుకునే సన్నని పొరల్లోకి పోవు. చిట్టెలుక మెదడులోని హిప్పోకాంపస్‌లో లెక్క వేస్తే, కణం ఘనపరిమాణంలో దాదాపు 15 శాతమే జీఎఫ్ఏపీ రంగులో పడుతోంది. బీరపాదు అల్లుకున్న పందిట్లో గుంజలూ అడ్డకర్రలూ మాత్రమే కనిపించి తీగా ఆకులూ కనిపించకపోతే ఎలాగో ఇదీ అంతే. పైగా ఆరోగ్యంగా ఉన్న మెదడు కార్టెక్స్‌లో చాలా ఆస్ట్రోసైట్లలో జీఎఫ్ఏపీ పరీక్షకు అందనంత తక్కువగా ఉంటుంది. హిప్పోకాంపస్‌లో, తెల్లపదార్థంలో మాత్రం దండిగా ఉంటుంది. అందుకే ఆస్ట్రోసైట్లను లెక్కపెట్టాలనుకునేవారు ఇప్పుడు ఏఎల్డీహెచ్1ఎల్1 వంటి వేరే గుర్తులను కూడా వాడుతున్నారు. జీఎఫ్ఏపీ పెరిగిందంటే ఆస్ట్రోసైట్ల సంఖ్య పెరిగిందని రాసిన పాత వ్యాసాలు చాలానే ఉన్నాయి. అక్కడ పెరిగింది కణాలు కాకపోవచ్చు, ఉన్న కణాల్లోని దారాలు కావచ్చు.

ఇది ఆస్ట్రోసైట్ల సొంత ఆస్తి కూడా కాదు. చిన్నమెదడులోని బెర్గ్‌మన్ గ్లియాలో ఉంది. కంటి రెటీనాలోని ముల్లర్ కణాలు దెబ్బతింటే వాటిలోనూ పెరుగుతుంది. పేగు గోడలోని నాడీవలయానికి తోడుండే గ్లియాలో ఉందని 1980లో క్రిస్ట్యాన్ జెస్సెన్, రోనా మర్‌స్కీ కనుగొన్నారు. మయలిన్ చుట్టని ష్వాన్ కణాల్లో, నాడీమండలానికి సంబంధం లేని కాలేయపు స్టెల్లేట్ కణాల్లో కూడా కనిపించింది. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది 1999 నాటి ప్రయోగం. పెద్దయిన చిట్టెలుక మెదడులో ద్రవంతో నిండిన గదుల అంచున కొత్త న్యూరాన్లు పుడుతుంటాయి. వాటిని పుట్టించే మూలకణాలు ఏవో తెలియక పరిశోధకులు ఏళ్ల తరబడి వెతికారు. జీఎఫ్ఏపీ ఉన్న, చూడటానికి ఆస్ట్రోసైట్లలాగే కనిపించే కణాలే ఆ మూలకణాలని ఫియోనా డోట్ష్, ఆర్టురో అల్వారెజ్-బుయ్యా, వారి సహచరులు తేల్చారు. ఆసరాగా నిలిచే కణాలకు గుర్తు అనుకున్న ప్రొటీన్ కొత్త న్యూరాన్లకు జన్మనిచ్చే కణాల్లో కనిపించడం ఆ రంగంలో చాలా లెక్కలను మార్చేసింది.

మెదడుకు దెబ్బ తగిలినా, రక్తం అందకపోయినా, ఇన్ఫెక్షన్ సోకినా ఆస్ట్రోసైట్లు లావెక్కుతాయి, శాఖలు మందమవుతాయి, జీఎఫ్ఏపీ ఉత్పత్తి పెరుగుతుంది. దీన్ని రియాక్టివ్ గ్లియోసిస్ అంటారు. గాయం పెద్దదైతే అంచున ఈ కణాలు ఒత్తుగా చేరి గట్టి మచ్చ కడతాయి. వెన్నుపాము తెగినప్పుడు నాడీతంతువులు తిరిగి పెరగకపోవడానికి ఈ మచ్చే కారణమని దశాబ్దాలపాటు నిందించారు. లాస్ ఏంజిలెస్‌లో మైఖేల్ సోఫ్రోన్యూ బృందం 2016లో చిట్టెలుకల్లో మచ్చ ఏర్పడకుండా ఆపి చూసింది. తంతువులు పెరగడం మెరుగుపడలేదు సరికదా, ఇంకా తగ్గింది. మచ్చను పూర్తిగా శత్రువుగా చూడటం అప్పటినుంచి తగ్గింది. ఒక కణాన్ని రియాక్టివ్ అని ముద్ర వేయడానికి జీఎఫ్ఏపీ ఒక్కటే చాలదని, వేరే గుర్తులూ పనితీరూ కలిపి చూడాలని 2021లో అనేక దేశాల పరిశోధకులు ఉమ్మడిగా ప్రకటించారు.

పెథాలజీ ల్యాబుల్లో జీఎఫ్ఏపీ రోజువారీ పనిముట్టు. మెదడులో గడ్డ కనిపించింది, సర్జన్ ముక్క తీసి పంపాడు. అది మెదడులోనే పుట్టిన గ్లియోమానా, ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో పాకిన క్యాన్సరా? కణజాలం మీద జీఎఫ్ఏపీ యాంటీబాడీ వేస్తే గ్లియల్ కణాలు గోధుమరంగులోకి మారతాయి. పాకిన క్యాన్సర్ సాధారణంగా కెరటిన్‌కు స్పందిస్తుంది. రెండు చోట్ల పొరపడే ప్రమాదం ఉంది. కెరటిన్ కోసం వాడే ఒక పేరుపొందిన యాంటీబాడీ మిశ్రమం గ్లియల్ దారాలకూ అంటుకుంటుంది. పాకిన క్యాన్సర్ అంచున చిక్కుకుపోయిన మామూలు ఆస్ట్రోసైట్లు కూడా గోధుమరంగు పట్టి కణితి భాగంలా కనిపిస్తాయి. తీవ్రమైన గ్లియోబ్లాస్టోమాలో కొన్ని కణాలు జీఎఫ్ఏపీని కోల్పోతాయి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ఐడీహెచ్ వంటి జన్యుమార్పులకు పెద్దపీట వేసినా, మొదటి రోజున స్లైడు మీద వేసే రంగుల్లో జీఎఫ్ఏపీ ఇప్పటికీ ఉంటుంది.

ఆసుపత్రి బయట కూడా దీనికి పని దొరికింది. పిచ్చి ఆవు జబ్బు భయం రేగిన రోజుల్లో, మాంసంలో మెదడు, వెన్నుపాము ముక్కలు కలిశాయేమో తేల్చడానికి జీఎఫ్ఏపీ పరీక్షనే వాడారు. కండరంలో ఈ ప్రొటీన్ ఉండదు కాబట్టి, కనిపిస్తే కల్తీ జరిగినట్టే.

ఇక రక్తపరీక్ష సంగతి. ఆస్ట్రోసైట్ చితికితే అందులోని జీఎఫ్ఏపీ, దాని తునకలు రక్తంలోకి వస్తాయి. మామూలుగా రక్తంలో అది అత్యల్పంగా ఉంటుంది. కాబట్టి కొద్దిగా పెరిగినా పట్టుకోవచ్చు. తలకు దెబ్బ తగిలాక గంటలోపే కనిపించి, సుమారు 20 గంటలకు గరిష్ఠానికి చేరి, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. న్యూరాన్ల నుంచి వచ్చే యూసీహెచ్-ఎల్1 అనే ప్రొటీన్ ఇంతకన్నా ముందే పెరిగి ముందే పడిపోతుంది. అందుకే రెంటినీ కలిపి చూస్తారు. అమెరికా, ఐరోపాల్లోని 22 కేంద్రాల్లో జరిగిన ఆలర్ట్-టీబీఐ అధ్యయనంలో 1,959 మంది ఫలితాలు విశ్లేషించారు. స్కాన్‌లో గాయం తేలినవారు 125 మంది. రక్తపరీక్ష నెగెటివ్ అని చెప్పిన 671 మందిలో ముగ్గురికే స్కాన్‌లో ఏదో కనిపించింది. దీని ఆధారంగా 2018 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ పరీక్షకు అనుమతి ఇచ్చింది. అబాట్ కంపెనీ తయారుచేసిన, చేతిలో పట్టుకునే పరికరంతో 2021లో ప్లాస్మా పరీక్షకు, 2024లో నేరుగా రక్తంతోనే సుమారు 15 నిమిషాల్లో ఫలితం ఇచ్చే పరీక్షకు అనుమతి వచ్చింది.

అయితే దీని పరిధి తెలుసుకుని వాడాలి. ఇది పెద్దవాళ్లకే, తేలికపాటి దెబ్బ అనిపించినప్పుడే. నెగెటివ్ వస్తే స్కాన్ మానేయడానికి ధైర్యం ఇస్తుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన గాయం ఉన్నట్టు కాదు. ఆ అధ్యయనంలోనే మూడింట రెండొంతుల మందికి పాజిటివ్ వచ్చింది. స్కాన్‌లో ఏమీ కనిపించని కొందరిలో మాత్రం జీఎఫ్ఏపీ ఎక్కువగా ఉంటే, ఎంఆర్ఐ తీసినప్పుడు సూక్ష్మమైన గాయాలు బయటపడ్డాయని 2019లో ట్రాక్-టీబీఐ బృందం చూపింది. ‘స్కాన్ బాగానే ఉంది, ఇంటికెళ్లండి’ అని చెప్పించుకుని నెలల తరబడి తలనొప్పి, మతిమరపులతో బాధపడేవారికి ఇది చాలా ముఖ్యమైన విషయం.

పక్షవాతంలో సమస్య వేరు. రక్తనాళం పూడుకుపోయిందా, చిట్లిందా అన్నది తెలియకుండా గడ్డ కరిగించే మందు ఇవ్వకూడదు. చిట్లినవారికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. నాళం చిట్లినప్పుడు ఉబికే రక్తం ఆస్ట్రోసైట్లను అప్పటికప్పుడే చీల్చేస్తుంది, జీఎఫ్ఏపీ వెంటనే పెరుగుతుంది. పూడుకుపోయినప్పుడు కణాలు నెమ్మదిగా చనిపోతాయి, కాబట్టి మొదటి గంటల్లో పెరగదు. ఈ తేడాను ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్రిస్టియన్ ఫోర్ష్ ముందుగా గమనించాడు. 2012లో జర్మనీ, స్విట్జర్లాండ్ కేంద్రాల్లో 205 మంది మీద చేసిన అధ్యయనంలో ఈ పరీక్ష నాళం చిట్లినవారిలో నూటికి 84 మందిని పట్టుకుంది. మిగతావారిలో 96 శాతం మందిని సరిగ్గానే వేరుచేసింది. చిన్న రక్తస్రావాలను వదిలేయడం దీని బలహీనత. సీటీ యంత్రం గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఏజెన్సీ గ్రామాల నుంచి 108 అంబులెన్సులో వచ్చే రోగికి ఇలాంటి పరీక్ష దారిలోనే జరిగితే ఎంత మేలో తేలిగ్గానే ఊహించవచ్చు. అయితే 84 శాతం పట్టివేతతో మందు ఎక్కించే నిర్ణయం తీసుకోలేం. ఏ ఆసుపత్రికి తరలించాలో తేల్చుకోవడానికి మాత్రం అది చాలు.

ఆల్జీమర్స్‌లో జీఎఫ్ఏపీ ఒక్కసారిగా ఎగబాకదు, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. మెదడులో అమైలాయిడ్ ముద్దలు పేరుకుంటున్న దశలోనే, జ్ఞాపకశక్తి ఇంకా బాగున్నవారిలో సైతం రక్తంలో ఇది హెచ్చుతుంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌లో 52,645 మంది రక్తంలో 1,463 ప్రొటీన్లను కొలిచి, సుమారు 14 ఏళ్లపాటు గమనించారు. వారిలో 1,417 మందికి డిమెన్షియా వచ్చింది. దాన్ని ముందుగా సూచించడంలో జీఎఫ్ఏపీ ముందు వరసలో నిలిచిందని షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రకటించారు. కానీ వయసుతోపాటు ఇది అందరిలోనూ పెరుగుతుంది, వేరే మెదడు జబ్బుల్లోనూ పెరుగుతుంది. ఆల్జీమర్స్‌ను ప్రత్యేకంగా పట్టుకోవడంలో టౌ ప్రొటీన్‌ను కొలిచే పీ-టౌ217 పరీక్షే మెరుగు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మళ్లీ మళ్లీ దాడులు రాకుండానే వైకల్యం నెమ్మదిగా ముదిరే రోగులను గుర్తించడానికి మాత్రం జీఎఫ్ఏపీ ఉపయోగపడుతోంది.

శరీరమే ఈ ప్రొటీన్ మీద తిరగబడే జబ్బును మేయో క్లినిక్ వైద్యులు 2016లో వర్ణించారు. జ్వరం, తలనొప్పి, మగత, కొన్నిసార్లు చూపు మందగించడం, వెన్నుద్రవంలో లింఫోసైట్లు పెరగడం కనిపిస్తాయి. ఈ లక్షణాలు టీబీ మెనింజైటిస్‌ను పోలి ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో వైద్యులు ఇది గుర్తుంచుకోవలసిన పోలిక. ఎంఆర్ఐలో మెదడు గదుల నుంచి వెలుపలికి కిరణాల్లా పరచుకున్న గీతలు, వెన్నుద్రవంలో జీఎఫ్ఏపీ యాంటీబాడీ దీన్ని పట్టిస్తాయి. ఎక్కువమంది స్టెరాయిడ్లతో కోలుకుంటారు.

ఇంత విరివిగా ఉన్న ప్రొటీన్ అసలు లేకపోతే ఏమవుతుంది? 1995, 96 సంవత్సరాల్లో నాలుగు బృందాలు విడివిడిగా జీఎఫ్ఏపీ జన్యువు తీసేసిన చిట్టెలుకలను తయారుచేశాయి. అవి బతికాయి, పెరిగాయి, పిల్లల్ని పెట్టాయి. ముదిమిలో తెల్లపదార్థం కొంత దెబ్బతినడం, తలదెబ్బకు తట్టుకోలేకపోవడం వంటి లోపాలు తర్వాత తేలాయి గానీ, అప్పటికి అందరూ ఎదురుచూసిన ఉపద్రవం జరగలేదు. అసలు ప్రమాదం ఎటువైపు ఉందో విస్కాన్సిన్‌లో ఆల్బీ మెస్సింగ్ ప్రయోగం చూపించింది. మనిషి జీఎఫ్ఏపీ జన్యువును అదనంగా చేర్చిన చిట్టెలుకలు చిన్న వయసులోనే చనిపోయాయి. 1998లో ఆయన బృందం వాటి ఆస్ట్రోసైట్లలో కనిపించిన ముద్దలను వర్ణించింది. అవి రోసెంతాల్ తంతువులు.

వెర్నర్ రోసెంతాల్ 1898లోనే ఆ తంతువులను చూశాడు. న్యూజీలాండ్‌కు చెందిన పెథాలజిస్టు స్టూవర్ట్ అలెగ్జాండర్ 1949లో, ఏడాదిన్నర కూడా నిండని ఒక పసివాడి మెదడు నిండా అవి ఉన్నాయని రాశాడు. ఆ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. పసిపిల్లల్లో తల పెద్దదవుతుంది, మూర్ఛలు వస్తాయి, నేర్చుకున్నవి పోతాయి. పెద్దవారిలో మింగడం, మాట్లాడటం, నడక కష్టమవుతాయి. జపాన్‌లో అంచనా ప్రకారం 27 లక్షల మందికి ఒకరికి ఉంటుంది. దీని కారణం దాదాపు యాభై ఏళ్లుగా తెలియని నాడీవైద్యులకు మెస్సింగ్ చిట్టెలుకలు దారి చూపాయి. అలబామాకు చెందిన మైఖేల్ బ్రెన్నర్, మెస్సింగ్, సహచరులు 2001లో రోగుల జీఎఫ్ఏపీ జన్యువును చదివి, అధిక శాతం మందిలో అందులోనే ఒక్క అక్షరం మార్పు ఉందని కనుగొన్నారు. ఎక్కువ కేసుల్లో తల్లిదండ్రులకు ఆ మార్పు ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. మార్పు చెందిన ప్రొటీన్ దారంగా సరిగా అల్లుకోలేక, ఒత్తిడికి పుట్టే ఆల్ఫా-బీ క్రిస్టలిన్ వంటి ప్రొటీన్లను కూడా చుట్టుకుని ముద్దలు కడుతుంది. కణం జీఎఫ్ఏపీని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది, ముద్దలు ఇంకా పెరుగుతాయి.

జీఎఫ్ఏపీ లేకపోయినా చిట్టెలుకలు బతకడం, ఎక్కువైతే చావడం వైద్యానికి దారి చూపాయి. ఆ ప్రొటీన్‌నే తగ్గిస్తే సరిపోవచ్చు. యాంటీసెన్స్ అనే మందు జీఎఫ్ఏపీ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దాన్ని ధ్వంసం చేస్తుంది. 2018లో చిట్టెలుకల్లో, 2021లో జబ్బు లక్షణాలున్న ఎలుకల్లో మందు పనిచేసింది. పేరుకుపోయిన ముద్దలు కరిగాయి, నడక మెరుగుపడింది. అయోనిస్ కంపెనీ తయారుచేసిన జిల్గానెర్సెన్‌ను 2021 నుంచి రోగులకు వెన్ను ద్వారా ఇస్తూ పరీక్షించారు. 50 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో నడక వేగం, మందు తీసుకోనివారిలో మాదిరిగా క్షీణించకుండా నిలకడగా ఉందని 2025 సెప్టెంబరులో కంపెనీ ప్రకటించింది. అలెగ్జాండర్ జబ్బు గమనాన్ని మార్చినట్టు మనుషుల్లో ఫలితం చూపిన తొలి మందు ఇది.